బైపీసీయా, ఎంపీసీయా? జన్యుశాస్త్రానికి రెండూ కావాలి

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో ఒక శాస్త్రవేత్త కన్నుమూశారు. ఆయన ముందే రాసిపెట్టిన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. పోయాక కూడా తన దేహం వైద్య విద్యార్థుల చదువుకు పనికిరావాలన్నది ఆయన ఆశ. ఆయన పేరు జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండ్‌లో పుట్టి, 1957లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చి, 1961లో భారత పౌరసత్వం తీసుకున్న జన్యుశాస్త్రవేత్త. హీమోఫీలియాకూ వర్ణాంధత్వానికీ కారణమైన జన్యువులు ఒకే క్రోమోజోముపై ఎంత దగ్గరగా ఉన్నాయో 1937లో జూలియా బెల్‌తో కలిసి లెక్కగట్టింది ఆయనే. ఇంత చేసిన మనిషి దగ్గర సైన్సు డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చదివింది గణితం, ఆ తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యమూ తత్వశాస్త్రమూ.

ఈ రోజుల్లో డిగ్రీ లేకుండా ఏ ప్రయోగశాలా తలుపు తీయదు. కాబట్టి హాల్డేన్ దారి ఎవరికీ నమూనా కాదు. కానీ ఆయన జీవశాస్త్రంలోకి ఏ సరుకుతో వచ్చారన్నది గమనించదగ్గ విషయం. ఆయన వెంట తెచ్చుకున్నది లెక్కలు.

తెలుగు ఇళ్లలో పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే ఒక నిర్ణయం జరిగిపోతుంది. డాక్టర్ అనుకుంటే బైపీసీ, ఇంజినీర్ అనుకుంటే ఎంపీసీ. బైపీసీలో చేరినవాళ్లు ఆ రోజుతో లెక్కల పుస్తకాన్ని అటకెక్కిస్తారు. ఎంపీసీలో చేరినవాళ్లు పువ్వు నిలువుకోత బొమ్మ గీసే పని ఇక తప్పిందని ఊపిరి పీల్చుకుంటారు. జన్యుశాస్త్రం సరిగ్గా ఈ రెండింటి మధ్యన పుట్టింది. దానిలో పైకి వచ్చినవాళ్ల చదువులు చూస్తే, ఒక గ్రూపులో చేరి రెండో గ్రూపును కూడా వదలనివాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

బఠాణీల దగ్గర మొదలైన లెక్క

గ్రెగర్ మెండెల్‌ను పాఠ్యపుస్తకాలు బఠాణీ మొక్కలు పెంచిన సన్యాసిగా పరిచయం చేసి వదిలేస్తాయి. ఆయన చదువు గురించి చెప్పవు. 1850లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష తప్పిన మెండెల్‌ను మఠాధిపతి వియన్నా విశ్వవిద్యాలయానికి పంపారు. 1851 నుంచి 1853 వరకు అక్కడ ఆయన వృక్షశాస్త్రంతో పాటు క్రిస్టియన్ డాప్లర్ దగ్గర భౌతికశాస్త్రం నేర్చుకున్నారు. అంబులెన్సు దగ్గరికి వచ్చేటప్పుడు ఒకలా, దూరమయ్యేటప్పుడు ఒకలా వినిపించడానికి కారణం చెప్పిన డాప్లరే ఆయన. గణితంలో కలయికల లెక్కలు ఆండ్రియాస్ ఫాన్ ఎటింగ్‌షాసెన్ దగ్గర నేర్చుకున్నారు. మెండెల్ కంటే ముందు మొక్కల్ని సంకరం చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. పుట్టిన పిల్ల మొక్కల్ని రకాలవారీగా లెక్కబెట్టి, ఆ అంకెల్లో నిష్పత్తి వెతికినవాడు మాత్రం ఆయనే.

ఆ అంకెల్ని ఒకసారి దగ్గరగా చూస్తే జన్యుశాస్త్రానికి లెక్కలెందుకో తెలిసిపోతుంది. గుండ్రటి గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే వచ్చాయి. వాటిని వాటితోనే పండిస్తే రెండో తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. మొత్తం 7,324. మూడింటికి ఒకటి అన్న సిద్ధాంతం నిజమైతే 5,493 గుండ్రటివి, 1,831 ముడతలవి రావాలి. అంటే లెక్కకు 19 గింజల తేడా ఉంది. ఈ 19 కేవలం అదృష్టం ఆడిన ఆటా, సిద్ధాంతంలోనే లోపమా?

దీనికి కై-స్క్వేర్ అనే పరీక్ష ఉంది. తేడాను దానితోనే గుణిస్తే 361. దాన్ని 5,493తో భాగిస్తే 0.066, 1,831తో భాగిస్తే 0.197. రెండూ కలిపితే 0.26. ఈ సంఖ్య 3.84 దాటినప్పుడే సిద్ధాంతాన్ని అనుమానించాలని పరిశోధకులు మామూలుగా పెట్టుకునే గీత. 0.26 ఆ గీతకు చాలా కిందే ఉంది. అంటే అంత తేడా యాదృచ్ఛికంగా రావడం మామూలే. డిగ్రీ మొదటి ఏడాదిలో నేర్పే ఈ నాలుగు వరుసల లెక్క అర్థం కాకుండా జన్యుశాస్త్రంలో ఏ పరిశోధన పత్రాన్నీ సరిగ్గా చదవలేరు.

ఇదే గణితం ఆసుపత్రి గదిలోకి వచ్చేసరికి కుటుంబాల తలరాతలతో ముడిపడుతుంది. సికిల్ సెల్, తలసీమియా లాంటి జబ్బుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే, అంటే లోపమున్న జన్యువును ఒక్కో ప్రతి మోస్తుంటే, వాళ్లకు ఏ ఇబ్బందీ లేకపోయినా, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 'మొదటి బిడ్డకు వచ్చేసింది కదా డాక్టర్‌గారూ, ఇక తర్వాతి ముగ్గురికీ రాదుగా' అని అడిగే తల్లిదండ్రులు ఉంటారు. రాదని చెప్పడానికి వీల్లేదు. రెండో కాన్పుకు మొదటి కాన్పు గుర్తుండదు. ప్రతిసారీ అదే పావు వంతు. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఒక్కరికీ జబ్బు రాకుండా ఉండే అవకాశం ముప్పావును నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది: 256లో 81, దాదాపు 32 శాతం. మిగతా 68 శాతం ఇళ్లలో కనీసం ఒక బిడ్డ ఆ జబ్బుతో పుడుతుంది. ఈ సంగతి బెదరగొట్టకుండా, తప్పుడు ధైర్యమూ ఇవ్వకుండా చెప్పగలగడం జెనెటిక్ కౌన్సెలర్ పని.

మేనరికాల గురించి తెలుగువాళ్లు తరతరాలుగా చేసే వాదనలోనూ ఒక స్పష్టమైన సంఖ్య దాగి ఉంది. మేనమామ మేనకోడలిని చేసుకుంటే, వాళ్లకు పుట్టే బిడ్డలో ఏదైనా ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకుంటే పదహారింట ఒకటి. 1960ల ఆరంభంలో ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎంత విరివిగా జరుగుతున్నాయో, వాటి ఫలితాలేమిటో లెక్క తీసి ప్రచురించినవాళ్లలో ఇద్దరిని ఇక్కడ చెప్పుకోవాలి. ఒకరు పిఠాపురంలో పుట్టి హాల్డేన్ శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు. రెండోవారు తర్వాతి రోజుల్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మానవ జన్యువుల పటాలపై పనిచేసిన పి. మీరాఖాన్.

వాల్తేరు నుంచి ఎలుకల బోను దాకా

గణితం ఒక్కటే తెలిసినవాళ్లు ఇటు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. సి.ఆర్. రావు 1940లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నుంచి గణితంలో ఎం.ఏ. పట్టా తీసుకున్నారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రంలో పడ్డారు. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని సూడాన్ తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతల్ని విశ్లేషించడం. అదే సమయంలో పీహెచ్‌డీ కోసం రోనాల్డ్ ఫిషర్ దగ్గర చేరితే, ఆయన ఈ గణితజ్ఞుణ్ని తన జన్యుశాస్త్ర ప్రయోగశాలలో ఎలుకల్ని పెంచి, జతకట్టించి, పుట్టిన పిల్లల లక్షణాల్ని బట్టి క్రోమోజోముల మీద జన్యువుల చోటు కనిపెట్టే పనిలో పెట్టారు. గణాంకశాస్త్రంలో ప్రపంచం చేతులెత్తి మొక్కిన రావుగారు 2023లో 102 ఏళ్ల వయసులో మరణించేనాటికి ఆయన పేరిట ఉన్న సూత్రాల్ని జన్యుశాస్త్రవేత్తలూ రోజూ వాడుతున్నారు.

ఫిషర్ సంగతీ అంతే. ఆయన చదివింది గణితం. ఎత్తు, బరువు లాంటి లక్షణాలు మెండెల్ చెప్పినట్టు విడివిడి రకాలుగా కాకుండా ఒకదాన్నుంచి మరొకదానిలోకి ఎందుకు జారిపోతున్నట్టు కనిపిస్తాయన్న చిక్కుముడిని 1918లో విప్పారు. చాలా జన్యువులు తలా కొంచెం పని చేస్తే ఫలితం అలాగే కనిపిస్తుందని లెక్కతో చూపించారు. వరి దిగుబడి, ఆవు పాలు, మనిషి రక్తపోటు: ఇవన్నీ ఆ కోవకే చెందుతాయి.

ఒక అక్షరం మారితే

లెక్కలు జన్యువు ఉందని చెబుతాయి. అది ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే రసాయనశాస్త్రం కావాలి. ఇంటర్‌లో చాలామంది కంఠస్థం చేసి గట్టెక్కే ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇక్కడ అన్నం పెడుతుంది.

సికిల్ సెల్ కథ దీనికి మంచి సాక్ష్యం. ఈ జబ్బు ఉన్నవాళ్ల ఎర్రరక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. కీళ్లలో భరించలేని నొప్పి, రక్తహీనత, పదేపదే ఇన్ఫెక్షన్లు. రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలకు ఇది కొత్త కాదు. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఈ జబ్బు హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌లోనే ఉందని తేల్చింది. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ ప్రొటీన్‌ను ముక్కలు చేసి, కాగితం మీద వేరుపరిచి, 1957 నాటికి తేడా ఎక్కడుందో పట్టుకున్నారు. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అందులో ఆరోది గ్లుటామిక్ ఆమ్లం కావాల్సింది, వాలీన్ అయింది. మిగతా 145 మామూలుగానే ఉన్నాయి. డీఎన్ఏలో చూస్తే 'ఎ' ఉండాల్సిన చోట 'టి' పడింది, అంతే. గ్లుటామిక్ ఆమ్లానికి విద్యుదావేశం ఉంది, నీటితో పొత్తు కుదురుతుంది. వాలీన్‌కు నీరంటే గిట్టదు. అందుకే ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులుగా గడ్డకట్టి కణాన్ని వంచేస్తాయి. ఈ ఒక్క వాక్యం అర్థం కావడానికి ఇంటర్ కెమిస్ట్రీ చాలు, కానీ అది నిజంగా అర్థమై ఉండాలి.

డీఎన్ఏ నిర్మాణాన్ని 1953లో వెలికితీసినవాళ్లను చూస్తే, జేమ్స్ వాట్సన్ జంతుశాస్త్రం, ఫ్రాన్సిస్ క్రిక్ భౌతికశాస్త్రం, రోజలిండ్ ఫ్రాంక్లిన్ భౌతిక రసాయనశాస్త్రం నుంచి వచ్చారు. జన్యుభాషలోని మూడక్షరాల సంకేతాలను విడగొట్టినందుకు 1968లో నోబెల్ పంచుకున్న హరగోవింద్ ఖొరానా లాహోర్‌లో చదివింది రసాయనశాస్త్రమే. జన్యువును కోరినచోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతికి 2020లో ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెనిఫర్ డౌడ్నాలకు దక్కిన నోబెల్ కూడా రసాయనశాస్త్రానిదే. ఆ పద్ధతితో తయారైన తొలి చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. అది సికిల్ సెల్‌కు, తలసీమియాకే. భారత ప్రభుత్వం కూడా అదే ఏడాది జులైలో సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టి, గిరిజన ప్రాంతాల్లో రక్తపరీక్షలు చేయిస్తోంది.

ఒక జీవితో కాపురం

పుస్తకాల్లో దొరకని భాగం ఇది. ఏదో ఒక జీవిని ఇంట్లో మనిషిలా ఎరిగి ఉండాలి. ఈగ కావచ్చు, ఈస్టు కావచ్చు, వరి కావచ్చు, మనిషే కావచ్చు. బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న గింజల మీది మచ్చల్ని దశాబ్దాల పాటు చూసి చూసి, జన్యువులు చోటు మారతాయని 1940ల చివర్లో కనిపెట్టారు. చాలామంది నమ్మలేదు. 1983లో ఆమెకు నోబెల్ వచ్చేనాటికి వయసు 81. కేరళలోని తలస్సేరిలో పుట్టిన జానకీ అమ్మాళ్ కోయంబత్తూరులో చెరకు క్రోమోజోములతో మొదలుపెట్టి, 1945లో సిరిల్ డార్లింగ్‌టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాసునే తెచ్చారు.

పండ్ల ఈగలతో పని చేసే ప్రయోగశాలలో కొత్త విద్యార్థికి అప్పగించే మొదటి పని మగ ఈగను కలవని ఆడ ఈగల్ని ఏరడం. గూడు చీల్చుకుని బయటికొచ్చిన ఆడ ఈగ సుమారు 8 గంటల దాకా మగ ఈగను దగ్గరికి రానివ్వదు. ఆ గడువులోపే ఏరాలి. అందుకని పొద్దున్నే సీసాలు దులిపి ఖాళీ చేసి, మధ్యాహ్నం వచ్చి, మళ్లీ సాయంత్రం వచ్చి చూడాలి. ఒక్క ఈగ పొరపాటున కలిసిందా, పది రోజుల తర్వాత వచ్చే తరమంతా లెక్కకు పనికిరాదు. ఈగల తరం 25 డిగ్రీల వేడిలో పది రోజులు. అందుకే అవి జన్యుశాస్త్రానికి అంత ముద్దు. 1911లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంకా డిగ్రీ చదువుతున్న ఆల్‌ఫ్రెడ్ స్టర్టివంట్, థామస్ మోర్గాన్ ఈగల ప్రయోగాల లెక్కలు ఇంటికి పట్టుకెళ్లి, ఆ రాత్రి కాలేజీ హోంవర్కు మానేసి, ప్రపంచంలో మొట్టమొదటి జన్యుపటం గీశాడు. అది 1913లో అచ్చయింది.

వరి మీద పని చేయాలంటే ఓపికతో పాటు వేళ్ల నేర్పూ కావాలి. తల్లిగా ఎంచుకున్న మొక్కలో కంకి పొట్టలోంచి బయటికొస్తున్నప్పుడు, ఇంకా విచ్చుకోని పువ్వుల్ని మాత్రం ఉంచి మిగతావి తీసేస్తారు. సాయంత్రం పూట ఒక్కో పువ్వు కొనను కత్తెరతో కోసి, లోపలున్న 6 పుప్పొడి సంచుల్నీ సన్నని ఫోర్సెప్స్‌తో బయటికి లాగుతారు. ఒక్కటి మిగిలినా ఆ పువ్వు తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. కంకికి బటర్ పేపర్ సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దెక్కాక తండ్రి మొక్క కంకి తెచ్చి దానిమీద దులిపి, మళ్లీ సంచి కట్టి, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసిన చీటీ తగిలిస్తారు. నెల తిరిగేసరికి పైన తెగిన పొట్టులోంచి తొంగిచూసే ఆ కొద్ది గింజలే కొత్త వంగడానికి విత్తనం.

ఈ పొలం పనీ, మెండెల్ లెక్కా, డీఎన్ఏ పరీక్షా ఒకే చోట కలిసిన ఉదాహరణ సాంబ మసూరి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ వంగడం, రైతులు బీపీటీ 5204 అని పిలిచేది, సన్నబియ్యానికి పెట్టింది పేరు. దాని బలహీనత బ్యాక్టీరియా ఎండాకు తెగులు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, ఇప్పుడు భారతీయ వరి పరిశోధన సంస్థగా ఉన్న రాజేంద్రనగర్‌లోని అప్పటి వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువుల్ని దానిలోకి తెచ్చాయి. వాటిలో ఎక్స్ఏ21 అనేది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. చిక్కేమిటంటే, మిగతా రెండు జన్యువులు, ఎక్స్ఏ5, ఎక్స్ఏ13, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అందితేనే పని చేస్తాయి. ఒకటే ప్రతి ఉన్న మొక్కకూ, అసలు లేని మొక్కకూ పొలంలో తేడా కనిపించదు. రెండూ తెగులుకు ఎండిపోతాయి. అందుకని ఆకు ముక్క కోసి, డీఎన్ఏ తీసి, జెల్ మీద గీతలు చూసి, జన్యువున్న మొక్కల్నే ఏరి, వాటిని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేశారు.

ఎన్నిసార్లు చేయాలన్నదీ లెక్కే. మొదటి సంకరంలో సాంబ మసూరి వాటా సగం. దాన్ని మళ్లీ సాంబ మసూరితో కలిపితే సగటున 75 శాతం, ఆపై 87.5, ఆపై సుమారు 94, నాలుగోసారికి దాదాపు 97. రుచీ సన్నదనమూ చెడకుండా తెగులు నిరోధకత మాత్రం రావాలంటే అంత దూరం పోవాలి. అలా వచ్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో రైతులకు అందింది. 2025 మేలో ఇదే వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి సొంత జన్యువునే సరిదిద్ది తయారు చేసిన 'డీఆర్ఆర్ ధాన్ 100'ను ప్రకటించింది. మెండెల్ నాటి సంకరం నుంచి క్రిస్పర్ దాకా ఒకే వంగడం మీద చూడాలనుకునే విద్యార్థికి రాజేంద్రనగర్‌ను మించిన పాఠశాల లేదు.

సెప్టెంబరు అనే జన్యువు

మనిషి జన్యుక్రమంలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉన్నాయి. ప్రొటీన్లు తయారు చేసే జన్యువులు దాదాపు 20 వేలు. 1990లో మొదలైన మానవ జన్యు ప్రాజెక్టు 2003లో పూర్తయిందని ప్రకటించారు. అప్పుడు చదవలేక వదిలేసిన ఖాళీలు దాదాపుగా నిండింది 2022లో. ఇప్పుడు ఒక మనిషి జన్యుక్రమాన్ని వైద్యానికి పనికొచ్చే నాణ్యతతో చదివితే వచ్చే ముడి సమాచారమే దాదాపు 100 జీబీ. భారత ప్రభుత్వం 2020లో చేపట్టిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు దేశంలోని వివిధ జనసముదాయాలకు చెందిన సుమారు 10 వేల మంది జన్యుక్రమాల్ని చదివింది. ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. దాన్ని చదవాలంటే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ రావాలి. లైనక్స్‌లో ఆదేశాలు ఇవ్వడం, పైథాన్, ఆర్ భాషల్లో ఏదో ఒకటి చేతికి పట్టుబడటం ఇప్పుడు పిపెట్ పట్టుకోవడమంత మామూలు అవసరం.

ఈ నైపుణ్యం లేకపోతే ఏమవుతుందో చెప్పే వింత సంఘటన ఒకటి జరిగింది. మనిషిలో 'సెప్ట్2', 'మార్చ్1' అనే పేర్లున్న జన్యువులు ఉండేవి. పరిశోధకులు జాబితాలు ఎక్సెల్‌లో పెట్టినప్పుడు ఆ ప్రోగ్రాము వాటిని సెప్టెంబరు 2, మార్చి 1 అనుకుని తేదీలుగా మార్చేసింది. ఎవరూ గమనించలేదు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు వెతికితే, జన్యువుల జాబితాలను ఎక్సెల్ దస్త్రాలుగా జతచేసిన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులు బయటపడ్డాయి. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘమే దిగివచ్చి ఆ జన్యువుల పేర్లు మార్చింది. తన దస్త్రాన్ని తానే కోడ్ రాసి సరిచూసుకోగలిగినవాళ్లు ఇలాంటి గుంటల్లో పడటం తక్కువ.

మనుషుల మీద పని, మనుషుల పట్ల బాధ్యత

జన్యువుల్ని చదివేవాళ్లకు చరిత్ర, సమాజం తెలియాలనడం ఏదో మర్యాద కోసం చెప్పే మాట కాదు. శాస్త్రమే దాన్ని అడుగుతుంది. సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం, భారతదేశంలో చాలా సముదాయాలు కొద్దిమంది పూర్వికులతో మొదలై, తరాల తరబడి తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల కొన్ని జన్యులోపాలు ఆయా సముదాయాల్లో పేరుకుపోయాయని చూపింది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కనిపించే ఒక మార్పు అలాంటిదే. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును శరీరం మామూలుగా కొద్ది నిమిషాల్లోనే విరిచేస్తుంది. ఆ పని చేసే ఎంజైము లోపించిన మనిషికి అదే మందు గంటల తరబడి ఊపిరి అందనివ్వదు. సంగతి ముందే తెలిస్తే మత్తుమందు డాక్టర్ వేరే మందు వాడతారు, రోగికి ఏమీ కాదు. ఎవరినీ తక్కువ చేయకుండా ఈ సమాచారాన్ని ఆ కుటుంబాలకు చేర్చడం కూడా జన్యుశాస్త్రవేత్త పనిలో భాగమే.

పెద్దలు చెప్పారని నమ్మకపోవడమూ ఈ చదువులో భాగమే. చెవి అంచున వెంట్రుకలు పెరిగే లక్షణాన్ని ద్రోణంరాజు 1960లో వంశవృక్షాలతో అధ్యయనం చేశారు. అది తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే పోయే వై క్రోమోజోముపై ఉందన్న వాదన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. 2004లో దక్షిణ భారతదేశంలో ఆ లక్షణం ఉన్న పురుషుల వై క్రోమోజోముల్ని డీఎన్ఏ స్థాయిలో పోల్చి చూస్తే, లేనివాళ్ల వాటితో తేడా ఏమీ కనిపించలేదు. మగవాళ్లలో మాత్రమే కనిపించే లక్షణాలన్నీ వై క్రోమోజోము మీదే ఉండాలని లేదు. ఎక్కడో ఉన్న జన్యువు హార్మోన్ల మాట విని మగవాళ్లలో మాత్రమే బయటపడవచ్చు.

చీకటి వైపు కూడా చదవాలి. మనుషుల్లో మేలురకం, నాసిరకం అంటూ విడదీసి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు దారితీసిన యూజెనిక్స్ ఉద్యమానికి ఫిషర్ అంతటివారే మద్దతిచ్చారు. 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ పిండాల జన్యువుల్ని సరిదిద్ది కవల పిల్లలు పుట్టేలా చేసినట్టు ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మరుసటి ఏడాది చివర అక్కడి కోర్టు ఆయనకు మూడేళ్ల జైలు వేసింది.

ఏ తలుపు తట్టాలి?

దారులు నాలుగైదు ఉన్నాయి. ఇంటర్ తర్వాత నేరుగా పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు తిరుపతిలో 2015లో మొదలైన ఐసర్ (భారతీయ విజ్ఞానశాస్త్ర విద్య, పరిశోధన సంస్థ) ఉంది. దాని ప్రవేశపరీక్షలో జీవ, రసాయన, గణిత, భౌతికశాస్త్రాలకు తలా 15 ప్రశ్నలు. చేరాక కూడా మొదట్లో నాలుగూ చదవాల్సిందే. బైపీసీ విద్యార్థి లెక్కలు, ఎంపీసీ విద్యార్థి జీవశాస్త్రం సొంతంగా కొంత నేర్చుకుని వెళ్తే గండం గడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి గణితం, జీవశాస్త్రం కలిపి చదివే ఎంబైపీసీ వెసులుబాటు తెచ్చింది. జన్యుశాస్త్రం మీద మనసున్న పిల్లలకు ఇది సరిగ్గా కుదిరే ఏర్పాటు.

మామూలు బీఎస్సీ దారిలో వెళ్లేవాళ్లకు ఉస్మానియాలో ఎమ్మెస్సీ జెనెటిక్స్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో హ్యూమన్ జెనెటిక్స్ ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ జీవశాస్త్రాల విభాగంలోనూ ఈ పరిశోధన జరుగుతుంది. పంటల మీద ఇష్టమున్నవాళ్లు బైపీసీతో ఈఏపీసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్, ఆ తర్వాత జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్‌లో ఎమ్మెస్సీ చేస్తారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, విత్తన కంపెనీలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధన స్థానాలు వీళ్ల కార్యక్షేత్రాలు. ఇక్రిశాట్ నాయకత్వంలోనే కంది జన్యుక్రమం 2011లో వెల్లడైంది. డాక్టర్లకు ఎంబీబీఎస్, ఎండీ తర్వాత మూడేళ్ల డీఎం మెడికల్ జెనెటిక్స్ ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం పనిచేస్తోంది. నేర పరిశోధనకు డీఎన్ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ, అంతరించే జంతువుల మీద పనిచేసే అత్తాపూర్‌లోని లాకోన్స్ కూడా హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

కాలం ఎంత పడుతుందో ముందే తెలుసుకోవడం మంచిది. డిగ్రీ మూడు నాలుగేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదేళ్లకు తగ్గడం అరుదు. ఆ పైన చాలామంది రెండు మూడేళ్లు పోస్ట్ డాక్టోరల్ పనిలో ఉంటారు. అంటే స్థిరమైన ఉద్యోగం చేతికి వచ్చేసరికి ముప్పై దాటవచ్చు. డాక్టర్ దారి కూడా పొట్టిది కాదు: ఐదున్నర, మూడు, మూడు, మొత్తం పదకొండున్నరేళ్లు. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు ఫెలోషిప్ వస్తుంది, ఇంటి అద్దె భత్యం అదనం. జీవశాస్త్రాల నెట్ సిలబస్‌లోని 13 విభాగాల్లో వంశపారంపర్యానికి ఒక విభాగం పూర్తిగా కేటాయించారు. గణాంక పద్ధతులు చివరి విభాగంలో ఉంటాయి. చాలామంది వదిలేసేదీ అదే.

డిగ్రీ చదువుతుండగానే ప్రయోగశాల వాతావరణం రుచి చూడాలనుకునేవాళ్లకు దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ ఉంది. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని చేయవచ్చు. దరఖాస్తులో తాను ఏం చేయదలిచాడో విద్యార్థి సొంత మాటల్లో రాయాలి. లోకంలోని జన్యుక్రమాల సమాచార నిధులు చాలావరకు ఉచితం కాబట్టి, ఆ దరఖాస్తు రాసేముందే ఇంట్లో కంప్యూటర్ మీద హీమోగ్లోబిన్ బీటా జన్యువును తెరిచి, ఆ 'ఎ' అక్షరం ఎక్కడుందో వెతికి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.